ఎం-వన్ ఎందుకు పోయింది?

ఇంటర్ ఎంపీసీ మార్కుల మెమో ఒకసారి బయటికి తీసి చూడండి. మా తరం రాసిన పద్ధతిలో అది వెయ్యి మార్కుల కాగితం. మొదటి ఏడాది 470, రెండో ఏడాది 530. అందులో లెక్కలవి నాలుగు పేపర్లు. 1ఏ, 1బీ, 2ఏ, 2బీ, ఒక్కోటి 75 చొప్పున మొత్తం 300. రెండో భాషది 200. ఆ రెండో భాష ఎదురుగా చాలామంది మెమోల్లో సంస్కృతం అని ఉంటుంది, దాని పక్కన 98, 99 అని ఉంటుంది. ఆ 99 తెచ్చుకున్నవాళ్ళలో ఎంతమంది ఇవాళ ఒక్క శ్లోకానికి సొంతంగా అర్థం చెప్పగలరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలుగు తీసుకుంటే ఓ పదిహేను మార్కులు పోతాయని ఇంట్లోవాళ్ళూ కాలేజీవాళ్ళూ కలిసి చేసిన ఏర్పాటు అది.

ఇప్పుడు ఒక ఐఐఎం ఈ మెమోలోంచి ఏం తీసుకుంటుంది? ఒక్క శాతం. బోర్డు ఏ లెక్కన వేసినా సరే, మెమోలో కనిపించే అన్ని సబ్జెక్టులూ కలిపి వేసిన శాతమే ఇమ్మంటారు. అంటే 2బీలో ఇంటిగ్రేషన్ అర్థంకాక 50 తెచ్చుకున్న పిల్లవాడి లోటుని సంస్కృతం పూడ్చేస్తుంది. తెలుగంటే ఇష్టపడి తెలుగు తీసుకున్నవాడికి ఆ పూడిక దొరకదు. లెక్కల్లో తగ్గితే మేనేజ్‌మెంట్ సీటు వస్తుందా అని ఎవరైనా అడిగితే, ముందు నీ రెండో భాష ఏంటో చెప్పు బాబూ అనాలి.

ఇంతవరకూ ఇది నవ్వుకోడానికి బావుంటుంది. సాంకేతికమైన జవాబులు కూడా బోలెడున్నాయి, వాటిని త్వరగా చెప్పేస్తాను. క్యాట్ రాయడానికి డిగ్రీలో 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, వికలాంగ అభ్యర్థులకైతే 45. లెక్కల్లో ఇంత రావాలన్న షరతు లేదు. ఇంటర్లో సీఈసీ చదివి లెక్కల మొహం చూడనివాళ్ళూ రాయొచ్చు. రాసేటప్పుడు మాత్రం మూడు సెక్షన్లలో ఒకటి లెక్కలే, అదీ ఎక్కువగా పదో తరగతి లోపు లెక్కలు. ఆ తర్వాత ఇంటర్వ్యూకి ఎవర్ని పిలవాలో జాబితా వేసేటప్పుడు పది, ఇంటర్, డిగ్రీ శాతాలు వచ్చి కూర్చుంటాయి. ఒక్కో ఐఐఎం ఒక్కో బరువు ఇస్తుంది, అది ఏటేటా మారుతుంది కూడా. అమెరికా స్కూళ్ళ తీరు వేరు. అవి మెమోలని సబ్జెక్టు సబ్జెక్టుగా చదువుతాయి. కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ లాంటివాటిలో గ్రేడు తక్కువుంటే జీమ్యాట్ క్వాంట్ స్కోరు వైపు చూస్తాయి. ఏదైనా యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ కోర్సులో చేరి మళ్ళీ కాలిక్యులస్ చదివి మంచి గ్రేడు తెచ్చుకుంటే దాన్నీ లెక్కలోకి తీసుకుంటాయి. ఇవి కాక ఆప్షనల్ ఎస్సే అని ఒక ఖాళీ గడి ఇస్తాయి. మీ దరఖాస్తులో మాకు అర్థంకానిది ఏమైనా ఉంటే చెప్పండి అని.

నన్ను కొన్ని నెలలుగా పట్టుకున్నది ఆ ఖాళీ గడి. పద్ధెనిమిదేళ్ళప్పుడు ఒక మూడు గంటల్లో జరిగినదానికి ఇరవై ఆరేళ్ళ మనిషి జవాబు చెప్పుకోవాలా? చెప్పుకోవాల్సి వస్తే ఎలాంటిది నిజమైన జవాబు అవుతుంది?

ముందు మార్కు అంటే ఏంటో ఒక మాట. మనం దాన్ని ఎత్తు, బరువు లాంటి విషయంగా అనుకుంటాం. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. గొడవయ్యాక చూస్తే అది 99. ఆ ఏడాది ఆ ఫలితాల చుట్టూ ఏమేం జరిగాయో, ఎంతమంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారో ఇక్కడ మళ్ళీ రాయలేను. 2021లో కోవిడ్ వల్ల రెండో ఏడాది పరీక్షలు రద్దయ్యాయి. తెలంగాణలో మొదటి ఏడాది మార్కులనే రెండో ఏడాదికీ వేశారు. అంతకంటే మెరుగైన దారి ఆ రోజుల్లో ఎవరికీ కనిపించలేదు, నిజమే. కానీ ఆ బ్యాచ్‌లో 1ఏ రోజున జ్వరంతో రాసిన పిల్లకి ఆ జ్వరం 2ఏలో కూడా వచ్చినట్టు మెమో మీద అచ్చయ్యింది. చూడని పరీక్షలో కూడా ఆమె లెక్కల్లో వీక్.

ఇది సంస్థలకి తెలియదని కాదు. ఐఐఎం బెంగళూరు కొన్నేళ్ళుగా ప్రకటిస్తున్న పద్ధతిలో, మీ బోర్డు మార్కుని ఆ బోర్డులో 90వ పర్సంటైల్ మార్కుతో భాగిస్తుంది. ఒక బోర్డులో 95 అంటే ఇంకో బోర్డులో 85 అని ఒప్పుకోవడమే అది. అహ్మదాబాద్ వాళ్ళు ఇంటర్ మార్కుకి రేటింగ్ ఇచ్చేటప్పుడు సైన్స్, కామర్స్, ఆర్ట్స్ వాళ్ళకి వేరువేరు మెట్లు పెడతారు. బోర్డుల మధ్య తేడా వాళ్ళ ఫార్ములాలోకి ఎక్కింది. ఒక మనిషి జీవితంలో పద్ధెనిమిదో ఏటికీ ఇరవై ఆరో ఏటికీ మధ్య తేడాకి మాత్రం అందులో చోటు లేదు.

అసలు సీటు ఇవ్వడం అంటే ఏంటి? బహుమానమా, అంచనానా? వెనక చేసినదానికి ప్రతిఫలం ఇస్తున్నారా, ముందు చేయబోయేది ఊహిస్తున్నారా? స్కూళ్ళు రెండో మాటే చెబుతాయి. మొదటి టర్మ్‌లో స్టాటిస్టిక్స్, ఫైనాన్స్, ఆపరేషన్స్ అన్నీ మీద పడతాయి, లెక్కలు రానివాళ్ళు మునిగిపోతారు, అందుకే చూస్తాం అంటాయి. సబబే. ఫైనాన్స్‌లో ఒక ప్రాజెక్టు రేపు తెచ్చే డబ్బుకి ఇవాళ విలువ కట్టాలన్నా, రిగ్రెషన్ ఫలితాన్ని చదవాలన్నా, అంకెలు చూస్తే చెమట పట్టని మనిషి కావాలి. అయితే అంచనా అన్నాక దానికి ఒక న్యాయం ఉంది. కొత్త ఆధారం దొరికితే పాతది వెనక్కి తగ్గాలి. నిన్నటి వాతావరణ సూచన పెట్టుకుని ఇవాళ గొడుగు వేసుకోం. ఇరవై ఆరేళ్ళప్పుడు జీమ్యాట్ క్వాంట్‌లో మంచి స్కోరు తెచ్చుకుని, ఆఫీసులో రోజూ అంకెలతోనే పనిచేసే మనిషి విషయంలో పద్ధెనిమిదేళ్ళప్పటి గ్రేడు కొత్తగా ఏం చెబుతుంది?

ఈ మాట అంటే వెంటనే ఇంకో పదం వస్తుంది, కన్సిస్టెన్సీ. పది నుంచి డిగ్రీ దాకా నిలకడగా మార్కులు ఉండాలి. గమనించారా, ఇక్కడ అంచనా మెల్లగా బహుమానంగా మారిపోయింది. నిలకడ అనేది లెక్కలు వచ్చా రావా అని చెప్పదు. ఎప్పుడూ తడబడని జీవితానికి ఇచ్చే మెడల్ అది. ఎప్పుడూ తడబడకుండా ఉండటం ఎవరికి కుదురుతుందో ఆలోచిస్తే, దాని వెనక ఒక తండ్రి జీతం, ఒక సొంత గది, వంట చేయనక్కర్లేని సాయంత్రాలు కనిపిస్తాయి. మైకేల్ యంగ్ 1958లో మెరిటోక్రసీ మీద పుస్తకం రాసింది ఇలాంటి సమాజాన్ని ఎగతాళి చేయడానికి. తర్వాత అందరూ దాన్ని ఆదర్శంగా తీసుకున్నారని ఆయన చివరిదాకా బాధపడ్డాడు.

(ఇలాంటి వ్యాసంలో రామానుజన్ రావాలి కదా అని చూస్తున్నవాళ్ళకి: ఆయన ఇక్కడ పనికిరాడు. ఎఫ్ఏ తప్పింది లెక్కల్లో కాదు, మిగతావాటిలో.)

ఇప్పుడు నా మీదకి వచ్చిన కేసు చెబుతాను. మా పిన్ని కూతురు. జేఎన్‌టీయూ కింద ఉన్న ఒక కాలేజీలో బీటెక్ చేసింది. అక్కడ చదివినవాళ్ళకి ఎం-వన్ అంటే వేరే చెప్పక్కర్లేదు. మొదటి ఏడాది లెక్కల పేపరు. సగం క్లాసుని రెండోసారి రాయించే పేపరు. మా చెల్లికి మొదటిసారి పోయింది, సప్లిమెంటరీలో సీ గ్రేడుతో గట్టెక్కింది. పాసైన నెలా సంవత్సరమూ మెమోలో అచ్చవుతాయి కాబట్టి, ఎవరైనా చూస్తే రెండోసారి రాసినట్టు తెలిసిపోతుంది. ఇప్పుడు రాయదుర్గంలో ఉద్యోగం, రోజంతా స్ప్రెడ్‌షీట్లు. అమెరికాలో ఎంబీఏకి జనవరి రౌండ్లో దరఖాస్తు పెడుతూ ఆ గడి దగ్గర ఆగిపోయింది.

పిన్ని నాకు ఫోన్ చేసింది. "నువ్వు రాస్తావు కదే, నాలుగు ముక్కలు బాగా రాసిపెట్టు దానికి. ఆ ఏడాదే కదా మీ బాబాయ్‌కి గుండె ఆపరేషన్ అయ్యింది. అందుకే కదా దానికి ఆ లెక్కలు పోయాయి."

ఆపరేషన్ అయ్యింది నిజం. ఆ ఏడాదే అన్నదీ నిజం. కానీ పరీక్ష జనవరిలో, బాబాయ్‌కి నొప్పి వచ్చింది మార్చిలో. పరీక్ష ఫలితం ఆయన ఆసుపత్రిలో ఉన్న వారంలో వచ్చింది. పిన్ని అబద్ధం చెప్పట్లేదు. ఆమె జ్ఞాపకంలో ఆ రెండూ ఒకే ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నాయి. ఎనిమిదేళ్ళలో ఒకటి ఇంకోదానికి కారణం అయిపోయింది.

చెల్లిని విడిగా అడిగాను. దానికి గుర్తుంది. "ఇంటర్ రెండేళ్ళు హాస్టల్లో పొద్దున్న ఐదింటికి లేపారక్కా. బీటెక్‌లో మొదటి నాలుగు నెలలు నేను నిద్రపోయాను. అంతే. నిజంగా నిద్రపోయాను." అని నవ్వింది. కాసేపాగి, "కానీ నాన్న సంగతి కూడా నిజమే కదా. తేదీలు రాయకపోతే సరిపోదా?" అంది.

నేను ఇరుక్కున్నది ఆ మాట దగ్గరే. తేదీలు రాయకపోతే అందులో ఒక్క అబద్ధపు వాక్యం కూడా ఉండదు. మన భాషలో అయితే ఇంకా సులువు. 'వాన పడి రోడ్డు పాడైంది' అంటాం. అందులో 'వల్ల' ఎక్కడుంది? లేదు. 'పడి' అన్నాం, ఒకదాని తర్వాత ఒకటి అన్నాం. మిగతాది వినేవాడు కలుపుకున్నాడు. 'మా నాన్నగారికి ఆపరేషన్ జరిగి, నేను ఎం-వన్ తప్పి' అని రాస్తే కోర్టులో ప్రమాణం చేసి కూడా నిలబడొచ్చు. చదివేవాళ్ళ మనసులో 'వల్ల' అదే మొలుస్తుంది. మనం నాటలేదు, నీళ్ళు పోశామంతే.

నాకు ఇది అబద్ధం కంటే ఒక మెట్టు పైన అనిపించలేదు, కింద అనిపించింది. అబద్ధం చెప్పేవాడు పని మొత్తం తనే చేస్తాడు. ఇక్కడ ఆ పనిని ఎదుటివాడి జాలితో చేయిస్తున్నాం. పైగా అదే రౌండ్లో, పరీక్షకి ముందు రాత్రి నిజంగానే ఐసీయూ బయట కూర్చున్న పిల్లలుంటారు. ఇలాంటి ఎస్సేలు పెరిగేకొద్దీ వాళ్ళ మాట చదివేవాళ్ళకి నమ్మకం తగ్గుతుంది. నష్టపోయేది వాళ్ళు, మనకి కనిపించరు.

బాబాయ్ మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. "ఎలాగూ కోశారు కదమ్మా, పిల్లకి పనికొస్తే వాడుకోండి" అన్నాడు. ఆయన అనుమతి ఇవ్వడంతో పిన్ని వైపు వాదన బలపడింది. నేను దాని గురించి రెండు రోజులు ఆలోచించాను. ఆయన గుండె ఆయనదే, ఇవ్వొచ్చు. కానీ మోసపోయేది ఆయన కాదు కాబట్టి, ఆయన అనుమతితో తీరే సమస్య కాదిది.

సరే, అబద్ధం వద్దు. నిద్ర సంగతి రాద్దామా? రాస్తే ఎలా ఉంటుందో చూడండి. పదిహేడేళ్ళ పిల్లని రెండేళ్ళపాటు తెల్లారకముందే లేపి, రాత్రి స్టడీ అవర్స్ దాకా కూర్చోబెట్టి, ఆదివారాలు కూడా పరీక్షలు పెడితే, వదిలిపెట్టగానే ఆమె నిద్రపోయింది. ఇది మా రెండు రాష్ట్రాల్లో లక్షలమందికి తెలిసిన కారణం. ఎవరికీ చెప్పుకోలేని కారణం కూడా. అమెరికాలో కూర్చుని చదివేవాళ్ళకి ఇది బద్ధకం. ఆసుపత్రి కారణం, ఇది సాకు. రెండూ ఒంటికి జరిగినవే అయినా ఒకదానికే గౌరవం.

ఇక్కడే నాకు అసలు తేడా కనిపించింది. మనం తక్కువ మార్కుకే కారణం అడుగుతాం. లెక్కల్లో 75కి 75 వచ్చినవాడిని ఎందుకొచ్చిందో వివరించమని ఏ దరఖాస్తూ గడి ఇవ్వదు. దానికీ ఒక 'వల్ల' ఉంది కదా. అదే ఐదింటి గంట వల్ల, పాత ప్రశ్నపత్రాలు ఇరవైసార్లు తిప్పించడం వల్ల, లక్షల్లో ఫీజు కట్టగలిగిన నాన్న వల్ల, ఆ ఏడాది ఇంట్లో ఎవరికీ గుండె నొప్పి రాకపోవడం వల్ల. మంచి మార్కు అయితే అది నేను. చెడ్డ మార్కు అయితే అది నాకు జరిగింది. వ్యక్తిగా మనం మనకి ఈ వెసులుబాటు ఇచ్చుకోవడం మానవ సహజం. ఒక సంస్థ దాన్నే పద్ధతిగా పెట్టుకుంటే వచ్చేది ఈ ఖాళీ గడి.

ఇదంతా విన్నాక ఐఐఎం ఫార్ములా మీద నాకు కొంత గౌరవం పెరిగిందంటే నమ్ముతారా? దాదాపు మూడు లక్షలమంది రాసే పరీక్ష. ఆ ఫార్ములా ఎవరి మాటా వినదు, నిజమే. కానీ ఎవర్నీ ఏమీ అడగదు కూడా. మీ నాన్న ఛాతీ మీద గాటు చూపించమనదు. మీ శాతం ఇంత, దీనికి ఇన్ని పాయింట్లు, పక్కకి జరగండి. దాని మొరటుదనంలో ఒక మర్యాద ఉంది. కథ చెప్పడం రానివాడిని అది శిక్షించదు. కథ చెప్పించుకునే సంస్కృతిలో కథలు రాసిపెట్టే కన్సల్టెంట్లు పుట్టుకొస్తారు, హైదరాబాదులోనే ఎంతమంది కావాలి? ఒక గంటకి ఇంత అని తీసుకుని మీ దుఃఖానికి ఇస్త్రీ చేసి ఇస్తారు. డబ్బున్నవాడి చెడ్డ మార్కుకి మంచి కారణం దొరుకుతుంది.

'మొత్తం మనిషిని చూస్తాం' అనే మాటకి మంచి పుట్టుక కూడా లేదు. 1920లలో హార్వర్డ్‌లో యూదు విద్యార్థులు ఎక్కువవుతున్నారని అధ్యక్షుడు లోవెల్ కంగారుపడ్డాడు. నేరుగా కోటా పెట్టడం కుదరలేదు. మార్కులు ఒక్కటే కాకుండా వ్యక్తిత్వం చూడటం మొదలుపెట్టారు. వ్యక్తిత్వం ఎవరికి ఉందో తేల్చేది వాళ్ళే. జెరోమ్ కారబెల్ 2005లో దీని మీద పెద్ద పుస్తకమే రాశాడు. వినే చెవి ఉన్నంతమాత్రాన అది న్యాయంగా వింటుందని ఏమీ లేదు.

అయినా ఫార్ములాకి పూర్తిగా ఓటు వేయలేకపోతున్నాను. దానికి మతిమరుపు లేదు. మనిషి ఏర్పాటుచేసుకున్న మంచి వ్యవస్థలు చాలావాటిలో మరిచిపోయే ఏర్పాటు ఉంటుంది. నోటు రాయించుకుని అప్పిచ్చినవాడు కూడా మామూలుగా మూడేళ్ళు దాటాక దావా వేయలేడు, కాలదోషం పడుతుంది. మైనరుగా చేసిన నేరం పెద్దయ్యాక ఉద్యోగానికి అడ్డు రాకూడదని, చాలా సందర్భాల్లో ఆ రికార్డే నాశనం చేయాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతుంది. పదహారేళ్ళప్పుడు చేసిన దొంగతనానికి ఉన్న ఈ దయ పదహారేళ్ళప్పుడు రాసిన 1బీ పేపరుకి లేదు.

మార్కుకి కూడా కాలదోషం ఉండాలని నా అభిప్రాయం. అదే సామర్థ్యాన్ని కొలిచే కొత్త పరీక్ష రాశాక పాత అంకె పక్కకి తప్పుకోవాలి. ఇది మా ఆఫీసులో ఒకతనితో అంటే ఒప్పుకోలేదు. అతనికి ఇంటర్ లెక్కల్లో 300కి 298. "మరి నా 298 కూడా చెల్లదా? నేను నిద్రపోలేదు కదా" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. నేను చెప్పగలిగింది ఇదే: ఆ 298 ఒకసారి చెల్లింది. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉన్న రోజులు అతనివి. దాంతో మంచి కాలేజీ వచ్చింది, ఆ కాలేజీతో మొదటి ఉద్యోగం వచ్చింది. మా చెల్లి కూడా ఎం-వన్‌కి ధర కట్టింది. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ళు రావద్దన్న క్యాంపస్ కంపెనీల రోజున హాస్టల్ గదిలో కూర్చుంది. ఒకే నోటుతో ఎన్నిసార్లు కొంటాం, ఒకే అప్పు ఎన్నిసార్లు తీరుస్తాం? అతను తల ఊపాడు కానీ ఒప్పుకున్నట్టు లేదు. అతని వైపు నుంచి చూస్తే ఆ రెండేళ్ళు మళ్ళీ రావు, వాటికి మిగిలింది ఆ అంకె ఒక్కటే. దాన్ని కూడా కొట్టేస్తానంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఈ కష్టానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

మైకేల్ శాండెల్ 2020లో రాసిన పుస్తకంలో, అర్హత ఉందని తేలినవాళ్ళందరి పేర్లూ వేసి లాటరీ తీయమంటాడు. నాకు మొదట అది ప్రొఫెసర్ల చమత్కారం అనిపించింది. ఇప్పుడు అంత కొట్టిపారేయలేను. లాటరీలో రానివాడు ఎందుకు రాలేదో తనని తాను తవ్వుకోనక్కర్లేదు. అయితే సీటు వచ్చినవాడు కూడా అది తన గొప్ప అనుకోలేడు కాబట్టి, గెలిచినవాళ్ళు దీన్ని ఎప్పటికీ జరగనివ్వరు.

చెల్లి విషయానికొస్తే, ఆ గడి ఖాళీగా వదిలేయొచ్చు కదా అని కూడా అనుకున్నాం. ఆప్షనల్ అన్నారు కదా. కానీ ఖాళీగా వదిలితే వాళ్ళే ఒక కారణం ఊహించుకుంటారని దాని భయం. చివరికి మూడు వాక్యాలు రాసింది. మొదటి ఏడాది లెక్కల్లో తప్పాను, రెండోసారి రాసి పాసయ్యాను. ఆ సెమిస్టర్‌లో నేను చదవలేదు. ఆ తర్వాత మిగతా లెక్కల పేపర్లు, జీమ్యాట్, నా ఉద్యోగం మీ ముందు ఉన్నాయి. ఇంగ్లీషులో ఇంకా పొట్టిగా ఉంది. నేను ఒక కామా మాత్రం తీశాను.

పిన్నికి చదివి వినిపిస్తే, "ఇంతేనా? ఇదెవరు రాయలేరే" అంది. బాబాయ్ ఏమీ అనలేదు. కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు నాకనిపించింది, అంత ఉదారంగా ఇచ్చింది ఎవరూ తీసుకోలేదని.

నాలుగు స్కూళ్ళకి పెట్టింది. రెండు వద్దన్నాయి, ఒకటి వెయిట్‌లిస్టులో పెట్టింది, ఒకటి ఇంటర్వ్యూకి పిలిచి తర్వాత వద్దంది. ఇంటర్వ్యూలో ఎం-వన్ మాటే రాలేదట, ఆఫీసులో ఒక ప్రాజెక్టు గురించి అరగంట అడిగారట. వద్దన్న మెయిళ్ళు మూడూ నాకు చూపించింది. మూడూ మర్యాదగా ఉన్నాయి. దరఖాస్తులు చాలా బలంగా వచ్చాయని, సంఖ్య పరిమితం అని, విడివిడిగా కారణాలు చెప్పలేమని.

"ఆ మూడు వాక్యాల వల్లేనంటావా అక్కా?" అని అడిగింది.

తెలియదన్నాను. వెయిట్‌లిస్టు జవాబు జూన్‌లో వస్తుందట. ఈలోపు అది మళ్ళీ జీమ్యాట్‌కి కూర్చుంటోంది, క్వాంట్‌లో ఇంకో రెండు పాయింట్లు పెరుగుతాయేమో చూద్దామని.